రాత్రి పడుకోగానే ఛాతీలో మంట: మాత్రలు మానే దారి ఉందా?

బెజవాడ దుకాణం · సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నా వయసు 46. విజయవాడలో చిన్న చీరల దుకాణం. కొట్టు కట్టేసి ఇల్లు చేరేసరికి పది దాటుతుంది, అన్నం ముందు కూర్చునేసరికి పదిన్నర. పదకొండింటికి నడుం వాలుస్తాను. ఒంటిగంటకీ రెండింటికీ మధ్య, ఎవరో గొంతులో పులిసిన చారు పోసినట్టు ఉలిక్కిపడి లేస్తాను. లేచి కూర్చుంటే దిగుతుంది, పడుకుంటే మళ్ళీ ఎక్కుతుంది. మిగిలిన రాత్రంతా కుర్చీలోనే.

డాక్టరుగారు ఆమ్లం తగ్గించే మాత్ర, పాంటోప్రజోల్, నెల రోజులకు రాశారు. నేను నాలుగు నెలలు మింగాను. మింగినంత కాలం హాయిగా ఉంది. మానేసిన నాలుగో రోజు నుంచి మునుపటి కంటే రెట్టింపు మంట. ఇక జీవితాంతం ఇదేనా అని భయం పట్టుకుంది.

ఇంట్లో తలా ఒక వైద్యం. మా ఆవిడ జీలకర్ర నీళ్ళు అంటుంది, అమ్మ చల్లటి పాలు అంటుంది, పక్క కొట్టాయన నిమ్మకాయ సోడా అంటారు. అందరూ కలిసి నేరం మోపింది మాత్రం ఆవకాయ మీద. మూడు వారాలైంది ముట్టుకుని. మంట తగ్గలేదు, అన్నం మాత్రం చప్పబడింది.

సహజంగా తగ్గించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

అట్లకాడ · మంగళవారం, ఉదయం 6:20

అన్నయ్యా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. పదిన్నరకు తిని పదకొండింటికి పడుకుంటే లోపల అన్నం ఎక్కడికి పోతుంది? తిన్నాక కనీసం మూడు గంటలు నడుం వాల్చకూడదు. మా ఇంట్లో ఆయనకూ ఇదే గోల ఉండేది, ధాన్యం మిల్లులో పని. ఇప్పుడు సాయంత్రం ఏడున్నరకు క్యారేజీ మిల్లుకే పంపిస్తాను. ఇంటికి వచ్చాక ఆకలి అంటే ఒక గ్లాసు మజ్జిగ, అంతే.

ఆ మజ్జిగ కూడా ఎలా పడితే అలా కాదు. ఆ పూట తోడుకున్న కమ్మటి పెరుగు ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు. బాగా చిలికి, తేలిన వెన్న తీసేయాలి. వేయించి దంచిన జీలకర్ర చిటికెడు, నలిపిన కరివేపాకు, కాస్త ఉప్పు. పచ్చిమిరపకాయ వేయకండి. నిన్నటి పుల్ల పెరుగుతో చేసి "మజ్జిగ కూడా పడలేదు" అని మళ్ళీ ఇక్కడికి రాకండి.

నిశాచరి · మంగళవారం, ఉదయం 8:05

నాది హైదరాబాద్, రాత్రి డ్యూటీ. రెండేళ్ళు ఇదే బాధ పడ్డాను. అర్ధరాత్రి బిర్యానీ, ఆరు కప్పుల టీ, ఉదయం ఏడింటికి నిద్ర. నన్ను నిజంగా కాపాడినవి రెండే రెండు, రెండింటికీ నోట్లో వేసుకునేది ఏమీ లేదు.

ఒకటి, ఎడమవైపు తిరిగి పడుకోవడం. మన జీర్ణాశయం ఎడమవైపుకు ఒంపు తిరిగి ఉంటుంది. ఎడమకు తిరిగితే లోపలి పులుపు ఆ ఒంపులో నిలుస్తుంది, అన్నవాహిక కలిసే చోటు దానికి పైన ఉంటుంది. కుడివైపు తిరిగితే కథ తలకిందులు: ఆ చోటు పులుపులో మునుగుతుంది.

రెండోది, మంచానికి తలవైపు ఎత్తు పెట్టడం. మొదట నేనూ మూడు దిండ్లు పేర్చాను. దానితో మెడ నొప్పి వచ్చింది, మంట అలాగే ఉంది. దిండ్లు పెడితే ఒళ్ళు నడుం దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎత్తవలసింది తలను కాదు, నడుం పైభాగం మొత్తాన్ని. వడ్రంగి చేత చెక్క దిమ్మలు చేయించి తలవైపు మంచం కోళ్ళ కింద పెట్టించాను. మొదటి రాత్రి మా ఆవిడ నిద్రలో జారుతూ జారుతూ కాళ్ళ దగ్గరికి చేరి, లేచి నన్ను తిట్టింది. వారానికి అలవాటైంది.

సహజపథం · మంగళవారం, ఉదయం 10:41

అందరూ లక్షణాలకే వైద్యం చెబుతున్నారు. అసలు కారణం కడుపులో ఆమ్లం ఎక్కువ కావడం కాదు, తక్కువ కావడం. ఆమ్లం తక్కువైతే అన్నవాహిక మూత సరిగా పడదు. రోజూ పరగడుపున రెండు చెంచాల యాపిల్ వెనిగర్, లేదా నిమ్మరసం గోరువెచ్చని నీటిలో తాగండి. ఒంట్లోకి వెళ్ళాక నిమ్మ క్షారంగా మారుతుంది. నేను ఆరు నెలలుగా తాగుతున్నాను, మంట లేదు.

పిప్పిపన్ను · మంగళవారం, ఉదయం 11:15

సహజపథం గారూ, నేను మీ దారిలో ఏడాది నడిచాను. మంట సంగతి సరే, ముందు పళ్ళు జివ్వుమనడం మొదలైంది. పళ్ళ డాక్టరు చూసి "పైపొర అరిగిపోయింది, మీరు పుల్లటిది ఏదైనా రోజూ తాగుతున్నారా" అని అడిగారు. రెండు పళ్ళకు పూత వేయించుకున్నాను. ఇప్పుడు నిమ్మకాయ అంటే పప్పులోకే.

మాత్రలపెట్టె · మంగళవారం, మధ్యాహ్నం 2:30

కోనసీమలో మందుల దుకాణం నాది, 22 ఏళ్ళుగా. బేరాలు లేని వేళ కదా, కాస్త వివరంగా రాస్తాను.

ముందు వెనిగర్ సంగతి. నిమ్మరసం ఒంట్లో క్షారమైపోతుందనే మాటకు గొంతులోని మంటతో ఏ సంబంధమూ లేదు. గొంతు దాటేటప్పుడు అది పులుపే. చాలామందిలో జబ్బు ఆమ్లం పరిమాణంలో కాదు, అది ఉండవలసిన చోట ఉండకపోవడంలో ఉంది. అన్నవాహిక కింది చివర ఒక కండరాల వలయం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని తర్వాత బిగుసుకోవాలి. అది వేళ కాని వేళ వదులైతే పులుపు పైకి తంతుంది. జీర్ణాశయానికి ఆ పులుపును తట్టుకునే జిగురు పొర ఉంది, అన్నవాహికకు అంత రక్షణ లేదు. అందుకే మంట.

ఇక మాత్ర మానగానే మంట రెట్టింపు కావడం. దుకాణం గారూ, దీనితో మీ జబ్బు ముదిరిందని అనుకోకండి. నెలల తరబడి ఆమ్లాన్ని అణచిపెడితే ఒళ్ళు దానికి ఎదురు సన్నాహం చేసుకుంటుంది. మాత్ర ఆపగానే ఆ సన్నాహమంతా ఒక్కసారి బయటపడుతుంది. 2009లో డెన్మార్క్‌లో ఏ బాధా లేని 120 మంది ఆరోగ్యవంతులను తీసుకుని సగం మందికి ఈ రకం మాత్ర 8 వారాలు ఇచ్చి ఆపారు. ఆపిన తర్వాతి వారాల్లో వారిలో 44 శాతం మందికి మంటో పులితేన్పులో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 15 శాతం మందికే వచ్చాయి. జబ్బు లేనివాళ్ళకే అలా ఉంటే మీ మాట చెప్పాలా? అందుకే డాక్టరును అడిగి మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్క రోజులో తెంచేస్తే ఇలాగే ఉంటుంది.

వేసుకునే వేళ కూడా చెప్పండి. టిఫినుకు అరగంట ముందు వేసుకోవలసిన మాత్రను మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది భోజనం చేసి, మంట మొదలయ్యాక మింగుతారు. అప్పుడు అది సగం పనే చేస్తుంది.

ఇంకొకటి, దీనికి తప్పక జవాబివ్వండి: మీరు వేసుకునే మిగతా మాత్రలు ఏమిటి? ఒక్కటి కూడా వదలకుండా రాయండి.

అట్లకాడ · మంగళవారం, మధ్యాహ్నం 3:12

మరి చల్లటి పాల సంగతి చెప్పలేదు. మా అత్తగారు ఇప్పటికీ అదే అంటారు.

మాత్రలపెట్టె · మంగళవారం, మధ్యాహ్నం 3:40

అత్తగారి మాట సగం నిజమమ్మా. తాగిన వెంటనే చల్లబడుతుంది. కాసేపటికి పాలలోని మాంసకృత్తులు, కాల్షియం ఆమ్లాన్ని మళ్ళీ ఊరిస్తాయి. మీగడ పాలైతే కొవ్వు కూడా తోడై కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. పడుకోబోయే ముందు పెద్ద గ్లాసు పాలు తాగడమంటే ఒంటిగంటకు అలారం పెట్టుకోవడమే.

తినే సోడా సంగతీ ఇప్పుడే చెప్పేస్తాను, ఎలాగూ ఎవరో అడుగుతారు. ఆమ్లాన్ని నిజంగానే విరుస్తుంది, ఆ పని క్షణాల్లో జరుగుతుంది, పెద్ద తేన్పు కూడా వస్తుంది. కానీ 5 గ్రాముల సోడాలో దాదాపు 1370 మిల్లీగ్రాముల సోడియం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన హద్దే 2000. బీపీ, గుండె, మూత్రపిండాల బాధ ఉన్నవారు రోజూ తాగవలసినది కాదు.

మంచుదేశపు కోడలు · మంగళవారం, రాత్రి 9:27

కెనడా నుంచి రాస్తున్నాను. ఇప్పుడు నాకు ఎనిమిదో నెల. దోసెడు అన్నం తిన్నా గొంతు దాకా మంట. అమ్మ ఫోనులో "బిడ్డకు జుట్టు ఎక్కువ" అని మురిసిపోతోంది. జుట్టు సంగతి దేవుడెరుగు, నాకు నిద్ర లేదు. సోడా తాగవచ్చా?

మాత్రలపెట్టె · మంగళవారం, రాత్రి 9:50

వద్దమ్మా, గర్భంతో ఉన్నప్పుడు సోడా వద్దు. ఈ నెలల్లో ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఆ కండర వలయాన్ని సహజంగానే వదులు చేస్తుంది, పైగా బిడ్డ కింద నుంచి నెడుతుంది. కాన్పుతో చాలామందికి పోతుంది. కాల్షియం ఉన్న చప్పరించే బిళ్ళలు మీ డాక్టరునే అడగండి, సాధారణంగా వాటికి అభ్యంతరం చెప్పరు. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకండి, ఐరన్ ఒంటికి పట్టదు.

అట్లకాడ · మంగళవారం, రాత్రి 10:02

తల్లీ, మూడు పూటల అన్నాన్ని ఆరు పూటలు చేసుకో. అన్నం మధ్యలో నీళ్ళు ఎక్కువ తాగకు. నా రెండో కాన్పప్పుడు ఇడ్లీ, పాలకూర పప్పు, అరటిపండు, వీటితోనే గట్టెక్కాను. జుట్టు మాట మా అమ్మా అంది. మా వాడు గుండుతో పుట్టాడు.

పిల్లిపీచర · బుధవారం, ఉదయం 7:15

నేను ఆయుర్వేదం చదివి వైద్యం చేస్తున్నాను. మా శాస్త్రంలో దీన్ని అమ్లపిత్తం అంటారు. మాధవ నిదానం అనే పాత వైద్య గ్రంథంలో దీని లక్షణాలు వేరే అధ్యాయంగానే ఉన్నాయి: పుల్లటి తేన్పులు, ఛాతీలోనూ గొంతులోనూ మంట, తిన్నది అరగకపోవడం. చికిత్సలో మొదట చెప్పేది నిదాన పరివర్జనం, అంటే కారణాన్ని వదలడం. చూర్ణాలు ఆ తర్వాతే. మీరు పదిన్నర భోజనం వదలకుండా నా దగ్గరికి వస్తే నేనూ చేయగలిగింది తక్కువ.

మందుల కొట్లో ఎవరికి వారు కొనుక్కునే రెండింటి గురించి హెచ్చరిక. అవిపత్తికర చూర్ణంలో పెద్ద పాలు తెగడ వేరు, అది విరేచనకారి. పటికబెల్లం లేదా చక్కెర కూడా ఎక్కువే. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు సొంతంగా వాడరాదు. రెండోది అతిమధురం. గొంతుకు కమ్మగానే ఉంటుంది. కానీ వారాల తరబడి వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. "మూలికే కదా" అనుకుని బీపీ మాత్రతో పాటు అతిమధురం నమిలి, నా దగ్గరికి కాళ్ళ వాపుతో వచ్చినవారున్నారు.

నిరపాయమైనవి కావాలంటే: భోజనం తర్వాత అర చెంచా సోంపు నిదానంగా నమలండి. నమిలితే లాలాజలం ఊరుతుంది, అది కొద్దిగా క్షార గుణం కలది, అన్నవాహికలో మిగిలిన పులుపును కడిగి కిందికి దింపుతుంది. పేరు నా పిలుపుపేరే అయినా పిల్లిపీచర (శతావరి) మూలిక గురించి గొప్పలు చెప్పను, ముందు భోజనం వేళ మార్చుకోండి.

నిశాచరి · బుధవారం, ఉదయం 7:48

సోంపు సరే. మా క్యాంటీన్‌లో భోజనం తర్వాత పిప్పరమెంటు బిళ్ళలు పెడతారు. నోరు చల్లబడుతుంది కదా అని రెండేసి చప్పరించేవాణ్ణి. తర్వాత తెలిసింది, పిప్పరమెంటు ఆ కండర వలయాన్ని వదులు చేస్తుందట. చాక్లెట్టు, సిగరెట్టు, మద్యం కూడా అంతే. నేను మంటకు మందు అనుకుని మంటనే చప్పరించాను.

నల్లగొండ మాస్టారు · బుధవారం, రాత్రి 8:33

ఇన్ని చిట్కాల మధ్య ఇది రాయకుండా ఉండలేను. ఐదేళ్ళ కిందట మా నాన్నగారు భోజనం చేసి లేచి, ఛాతీలో మంటగా ఉంది, గ్యాస్ పట్టినట్టుంది అన్నారు. సోడా కలిపి ఇచ్చాం. పెద్ద తేన్పు వచ్చింది, "తగ్గిందిరా" అన్నారు. అరగంటకు మళ్ళీ మొదలైంది, చెమట పట్టింది, ఎడమ దవడ లాగుతోందన్నారు. వాము నమలమన్నాం. అలా రెండు గంటలు వంటింటి వైద్యం చేశాం. ఆసుపత్రికి చేరేసరికి గుండెపోటు అన్నారు. బతికారు కానీ గుండె కండరం చాలావరకు దెబ్బతింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేరు.

ఛాతీలో మంటతో పాటు చెమట, ఆయాసం, చేతిలోకో దవడలోకో నొప్పి, నడిస్తే పెరగడం, వీటిలో ఏది ఉన్నా ముందు ఈసీజీ. 108కి ఫోను చేయండి. జీలకర్ర రేపు తాగవచ్చు.

మాత్రలపెట్టె · బుధవారం, రాత్రి 9:05

మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. షుగరు ఉన్నవారిలో గుండెపోటు చాలాసార్లు ఇలా "గ్యాస్" వేషంలోనే వస్తుంది. ఇవి కూడా ఇంట్లో కూర్చుని చూసుకునేవి కావు: ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడటం, తారులా నల్లటి విరేచనం, వాంతిలో నెత్తురు, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత. వీటికి ఎండోస్కోపీ చేయించుకోవాలి.

దుకాణం గారూ, మాత్రల పట్టిక ఇంకా రాలేదు.

బెజవాడ దుకాణం · బుధవారం, రాత్రి 11:40

క్షమించండి, పెళ్ళిళ్ళ బేరాలు. మాస్టారి మాట చదివి ముందు ఈసీజీ తీయించుకున్నాను, బాగానే ఉందన్నారు.

మాత్రలు: బీపీకి ఆమ్లోడిపిన్, రాత్రి భోజనం తర్వాత. ఇంకేమీ లేవు. అంటే, మందులు అనదగ్గవి లేవు. రోజంతా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం కదా, నడుం పట్టేస్తుంది. అప్పుడప్పుడు నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్. పడుకోబోయే ముందు. వారానికి నాలుగైదు సార్లు ఉంటుందేమో.

మాత్రలపెట్టె · గురువారం, ఉదయం 9:10

"అప్పుడప్పుడు" అంటే వారానికి నాలుగైదు సార్లా అండీ!

మీ ఇంట్లో ఆవకాయను బోనులో నిలబెట్టారు. అసలు ముద్దాయి దిండు పక్కనే పడుకుని ఉంది. ఈ రకం నొప్పి మాత్రలు జీర్ణాశయపు రక్షణ పొరను దెబ్బతీస్తాయి, పుండ్లు పడతాయి. పడుకోబోతూ గుక్కెడు నీళ్ళతో మింగితే ఒక్కోసారి మాత్ర అన్నవాహికలోనే అతుక్కుని అక్కడే ఒరిపిడి చేస్తుంది. ఏ మాత్రైనా నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో వేసుకోవాలి. ఆ తర్వాత కాసేపు పడుకోకూడదు.

ఆమ్లోడిపిన్ జాతి మందులు కూడా కొందరిలో ఆ కండర వలయాన్ని సడలిస్తాయి. దాన్ని మాత్రం సొంతంగా ఆపకండి, బీపీతో ఆటలొద్దు. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. మొదటిసారి వెళ్ళినప్పుడు నొప్పి మాత్ర సంగతి చెప్పి ఉండరు.

బెజవాడ దుకాణం · గురువారం, ఉదయం 9:31

చెప్పలేదు. ఆయన అడిగారు కూడా. అది మందు అని నాకు తోచలేదు.

పిల్లిపీచర · గురువారం, ఉదయం 10:20

మాత్రలపెట్టె గారికి నమస్కారం. ఈ ప్రశ్న మేమూ మొదట అడగవలసింది.

హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందేమో కూడా పరీక్ష చేయించండి. కడుపు పుండ్లకు కారం, కంగారు కారణమని లోకమంతా అనుకునే రోజుల్లో ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అది ఉంటే చూర్ణంతో పోదు, నా చూర్ణంతో కూడా. యాంటీబయాటిక్స్ వాడవలసిందే.

సహజపథం · గురువారం, మధ్యాహ్నం 12:05

మాత్రలు అమ్మేవారే మాత్రల మీద నేరం చెప్పడం ఇక్కడే చూశాను. వెనిగర్ మాట పక్కన పెడతాను. నా వంతుగా ఒకటి: నేను ఆ ఆరు నెలల్లోనే 9 కిలోలు తగ్గాను, రాత్రి భోజనం ఏడింటికే ముగిస్తున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే మంట తగ్గింది దేనివల్లో నాకే అనుమానంగా ఉంది.

పిప్పిపన్ను · గురువారం, మధ్యాహ్నం 12:11

మీ నోటి నుంచి ఈ మాట వచ్చిందంటే నా రెండు పళ్ళూ ఊరికే పోలేదు.

బెజవాడ దుకాణం · ఐదు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 8:45

మీ అందరికీ జవాబు బాకీ ఉన్నాను.

డాక్టరుగారి దగ్గరికి కాగితంతో వెళ్ళాను. నొప్పి మాత్ర పూర్తిగా ఆపించారు, నడుముకు వ్యాయామం, వేడినీళ్ళ కాపడం చెప్పారు. దుకాణంలో ఎత్తు పీట వేసుకున్నాను. బీపీ మాత్ర మార్చారు. పైలోరీ పరీక్షలో ఏమీ లేదు. పాంటోప్రజోల్ మళ్ళీ మొదలుపెట్టి, మొదట రోజూ, తర్వాత రోజు విడిచి రోజు, ఇప్పుడు ఆపేశాం. ఆపిన మొదటి వారం కాస్త మండింది. ఇది వస్తుందని ముందే తెలుసు కాబట్టి ఈసారి భయపడలేదు.

క్యారేజీ ఏడున్నరకు దుకాణానికే వస్తుంది. మొదటి రోజు గుమాస్తా ముందు తినడానికి మొహమాటపడ్డాను, ఇప్పుడు అతనూ తన క్యారేజీ తెచ్చుకుంటున్నాడు. ఇంటికి వచ్చాక అట్లకాడ గారి మజ్జిగ. లుంగీ ముడి వదులుగా కడుతున్నాను, అది కూడా తేడా చేస్తుందని అనుకోలేదు.

మొత్తం మీద ఈ నెలలో నిద్ర లేచింది రెండే రాత్రులు. ఒకటి మా మేనల్లుడి పెళ్ళి, రాత్రి పదకొండింటికి పనసకాయ బిర్యానీ, రెండు బొబ్బట్లు. దానికి ఎవరినీ నిందించను.

ఆవకాయ మధ్యాహ్నం భోజనంలో తిరిగి వచ్చింది. ఒక్క ముక్క, పైన తేలే నూనె ఒంపేసి. అమ్మ ఆ నూనె ఒంపడం చూసి మొహం తిప్పుకుంటోంది.

నిశాచరి గారూ, మంచం దిమ్మల కొలత చెప్పండి. వడ్రంగి అడుగుతున్నాడు.

నిశాచరి · ఆదివారం, ఉదయం 9:02

ఎత్తు 6 అంగుళాలు. పైన కోడు కూర్చునేంత గుంట చెక్కించండి, లేకపోతే అటూఇటూ తిరిగినప్పుడు జారుతుంది. తలవైపు రెండు కోళ్ళకే పెట్టాలి. మా బావమరిది నాలుగింటికీ పెట్టించి, మంచం ఎత్తయింది కానీ మంట తగ్గలేదని నాకు ఫోను చేశాడు.